మొదటి ఉత్తరం గుమ్మం దగ్గర ఆగుతుంది

ముందుగదిలో పడక్కుర్చీలో కంటికి కట్టుతో తాతయ్య. బల్ల మీది కంప్యూటరు ముందు మనవరాలు. మధ్యాహ్నం మూడు దాటింది.

"పారెయ్యి."

"పూర్తిగా చదవనే లేదు తాతయ్యా."

"'బట్టతల మీద ఏడు రోజుల్లో జుట్టు' అన్నాక ఇంకేం చదువుతావు? మందుల చీటీలు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ మెయిలింగ్ లిస్టు ఇది. ఇక్కడ బట్టతలతో పనేంటి? పారెయ్యి."

"నీకు పనికొస్తుందేమోనని."

"నోట్లోంచి మాట రాదు గానీ, వచ్చిందంటే వెటకారమే వస్తుంది. తరవాతది చదువు పిట్టా."

"'దయచేసి నన్ను ఈ లిస్టులోంచి తీసెయ్యండి. అడగడం ఇది మూడోసారి.' ఎవరో ఆసుపత్రి గుమాస్తా."

"మనం పంపే ప్రతి మెయిల్ అడుగునా తప్పుకునే దారి రాసే ఉంటుంది. అడుగుదాకా ఎవడు చదువుతాడు?"

"వదలనా?"

"వదిలితే వెయ్యిన్నూట నలభై మందికీ పోతుంది. అందులో ఇరవై మంది 'నన్ను కూడా తీసెయ్యండి' అంటారు. ఇంకో ఇరవై మంది 'ఇలాంటివి అందరికీ రాయకండి' అని అందరికీ రాస్తారు. పెళ్ళిపందిట్లో కోతి దూరినట్టుంటుంది."

"అయితే పారెయ్యనా?"

"పారేస్తే ఎలా? మనిషి అడిగాడు కదా. ఆయన పేరు నువ్వే తీసేసి, తీసేశామని ఒక ముక్క రాయి. మర్యాదగా రాయి. మూడుసార్లు అడిగించుకున్నాం."

"ఊఁ. రాశాను. ఇంకోటి. 'నేను సెలవులో ఉన్నాను. పదిహేనో తారీఖున వచ్చి జవాబు రాస్తాను.'"

"అది మనిషి రాసింది కాదు, యంత్రం రాసింది. పోయిన ఏడాది ఇలాంటివి రెండు తగులుకుని, ఒక ఆదివారమంతా ఒకదానికొకటి నేను సెలవులో ఉన్నానని చెప్పుకున్నాయి. సాయంత్రానికి తొమ్మిదొందల మెయిళ్ళు. పారెయ్యి."

"'అయ్యా, చీటీలు ఊదారంగులో అచ్చు వెయ్యడం కుదురుతుందా? మా మందుల కొట్టు రంగు అదే.'"

"కొత్తాయనా?"

"పేరు పక్కన గడిలో టిక్కు ఉంది."

"అయితే మొదటి ఉత్తరం. వదులు. టిక్కు తీసెయ్యి."

"ఊదారంగు అడిగితే అందరూ నవ్వుతారేమో తాతయ్యా. పాపం."

"నవ్వనీ. మొదటి ఉత్తరం గుమ్మం దగ్గర ఆగుతుంది. ఎందుకు? వచ్చింది మనిషా, బట్టతల నూనె అమ్మేవాడా అని చూడ్డానికి. అంతే. ఆ మనిషి అడిగింది మనకి నచ్చిందా లేదా అని చూడ్డానికి కాదు. మనిషేనని తేలితే టిక్కు తీసేస్తాం. ఆ తరవాత ఆయన ఏం రాసినా నేరుగా పోతుంది, ఆపేవాడు ఉండడు."

"నాకు తెలుసు. వారం నించి నేనేగా చేస్తున్నాను."

"తెలిస్తే మంచిది. తరవాతది?"

"అయిపోయాయి."

"అయిపోలేదు."

"అయిపోయాయి తాతయ్యా. టీ పెట్టనా?"

"పొద్దున కాఫీ ఇస్తూ ఏమన్నావు? పదకొండు ఆగి ఉన్నాయన్నావు. నేను వేళ్ళు మడుస్తున్నాను. భోజనమయ్యాక మొదలెట్టి పది చదివావు."

"...లెక్క తప్పానేమో."

"నీకు లెక్కల్లో ఎప్పుడన్నా మార్కులు తగ్గాయా?"

"అది ఏం కాదు తాతయ్యా. పొడుగ్గా ఉంది. ఎవరో ఏదో రాశారు. రేపు చదువుకోవచ్చు."

"కట్టు కట్టింది కంటికి, చెవులకి కాదు. చదువు."

"సంతకం లేదు. 'చుక్క' అని ఉంది, అంతే. ఇలాంటివి పారెయ్యొచ్చు కదా?"

"చుక్కో, చందమామో. మనిషా యంత్రమా?"

"...మనిషే అనుకుంటా."

"చదువు."

"'అందరికీ నమస్కారం. మన సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఒక తప్పుంది. మందుల చీటీ పెద్ద సైజులో అచ్చువేస్తే సరిగానే వస్తోంది. చిన్న సీసాలకి అంటించే చిన్న చీటీ మీద మాత్రం అంకెల మధ్య చుక్క రాలిపోతోంది. రెండున్నర మిల్లీలీటర్లు అంటే రెండు, చుక్క, అయిదు అని పడాలి. చుక్క పడట్లేదు. ఇరవై అయిదు అని పడుతోంది. ఒక ఆసుపత్రిలో రెండేళ్ళ బాబుకి ఇచ్చే మందు సీసా మీద ఇలాగే పడింది. పోసే గిన్నె పది మిల్లీలీటర్లదే కాబట్టి, ఇరవై అయిదు ఎలా పడుతుందని నర్సుకి అనుమానం వచ్చింది. లేకపోతే పోసేసేది. ఈ సాఫ్ట్‌వేర్ కట్టిన మేస్త్రిగారికి మూడో తారీఖున ఒకసారి, తొమ్మిదో తారీఖున ఒకసారి విడిగా రాశాను. జవాబు రాలేదు. అందుకే అందరికీ రాస్తున్నాను. తప్పు దిద్దేదాకా చిన్న చీటీలు ఎవరూ వాడకండి, చేత్తో రాయండి. మేస్త్రిగారు మంచివారే. కానీ నిద్రపోతున్నారు.' అంతే."

"అంతేనా?"

"అంతే."

"ఇలాంటిదే మొన్న మీ అమ్మ అన్నం తింటూ ఏదో చెప్పింది. ఆసుపత్రిలో చీటీ తప్పు పడిందనీ, డాక్టరుకి చూపిస్తే నీ కళ్ళజోడు మార్చుకోమన్నాడనీ."

"అవునా? నాకు గుర్తులేదు."

"నువ్వే వడ్డించావు."

"నేను పచ్చడి తేవడానికి వెళ్ళాను కాబోలు."

"సరే. వదులు."

"దేన్ని?"

"ఇంకేముంది వదలడానికి? ఆ ఉత్తరాన్నే."

"ఉండు తాతయ్యా. కొంచెం ఆలోచించు. నిద్రపోతున్నారు అని రాయడం బాగాలేదు కదా. మేస్త్రిగారికి కోపం వస్తుంది. ఆ రాసినవాళ్ళెవరో కూడా, రాశాక, ఎందుకు రాశామా అనుకుంటున్నారేమో."

"అనుకుంటున్నారా?"

"నాకేం తెలుసు? ఊరికే అన్నాను."

"రెండు రెళ్ళు నాలుగన్నంత నిక్కచ్చిగా రాసినవాళ్ళు ఎందుకు అనుకుంటారు? వదులు... ఫోను మోగుతోంది. ఎవరో చూడు."

"మేస్త్రిగారు. నువ్వెత్తు."

"నువ్వెత్తి నాకివ్వు."

"నాకు ఫోన్లో మాట్లాడ్డం రాదు తాతయ్యా. హలో అన్నాక ఏమనాలో తోచదు."

"అదేమన్నా పరాయి భాషా? సరే, స్పీకరు పెట్టి ఇక్కడ చేతిమీద పెట్టు. ఆఁ, చెప్పు నాయనా."

"బాబాయ్, నేను. కన్నెలా ఉంది?"

"కట్టులో ఉంది. వారంలో విప్పుతారు."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"నా కళ్ళున్నాయి. మనవరాలు. వారం నించి అదే చదువుతోంది, నేను చెప్తున్నాను."

"సరే. బాబాయ్, మధ్యాహ్నం ఆగిన మెయిళ్ళ జాబితా నాకూ వచ్చింది. చుక్క అని ఒకటుంది చూడు. అది వదలకు."

"ఎందుకని?"

"ఎందుకేంటి? పేరు లేదు, ఊరు లేదు. సంతకం లేని ఉత్తరం మొహం చాటేసినవాడి మాట. పైగా నిద్రపోతున్నానట నేను. పధ్నాలుగేళ్ళ నించి ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో కూర్చుని, ఒకళ్ళ దగ్గర ఒక పైసా ముట్టకుండా కట్టాను దీన్ని. నిద్రపోతే కట్టానా?"

"అది నాకు తెలుసు నాయనా. నువ్వు కట్టావు కాబట్టే ఇంతమంది వాడుతున్నారు. చుక్క రాలుతున్న మాట నిజమా, అబద్ధమా?"

"చూడాలి."

"రెండుసార్లు నీకు రాశారట."

"రోజుకి రెండొందలు వస్తాయి బాబాయ్. చూశాను, పక్కన పెట్టాను. చిన్న చీటీలు ఎంతమంది వాడతారు చెప్పు? వచ్చే వెర్షన్‌లో దిద్దేస్తాను. రెండు వారాలు. చడీచప్పుడు లేకుండా అయిపోతుంది."

"చిన్న చీటీలు చిన్న సీసాలకి. చిన్న సీసాలు ఎవరికి?"

"బాబాయ్..."

"పిల్లలకి."

"నాకు తెలీదా? విను. సోమవారం నలభై ఆసుపత్రుల వాళ్ళు కూర్చుని, ఇక అన్ని చోట్లా మనదే వాడదామని నిర్ణయం చేస్తున్నారు. నలభై. ఎవడి సొంతమూ కానిది, ఎవడైనా తీసుకుని వాడుకోదగ్గది, మనలాంటివాళ్ళు చేసింది. ఆ బల్లల మీదకి ఇప్పుడీ ఉత్తరం వెళ్ళిందనుకో. ఒక్క చుక్క చూసి మొత్తం పారేస్తారు. మన లిస్టులో వాళ్ళవాళ్ళు అరడజను మంది ఉన్నారు. లిస్టులో పడిందంటే పాత ఉత్తరాల భోషాణంలోకి కూడా ఎక్కుతుంది. అక్కణ్ణించి ఎవడూ తుడవలేడు."

"తుడవకూడదని నియమం పెట్టింది నువ్వే."

"నేనే పెట్టాను. కాదనట్లేదు."

"లిస్టు తాళంచెవి నాకిచ్చిన రోజు ఇంకో మాట కూడా అన్నావు. గుర్తుందా? అప్పటికి నేను నీకు రాసింది ఒకే ఒక్క ఉత్తరం, చీటీ మీద అక్షరాలు పెద్దవి చెయ్యమని."

"గుర్తుంది. కట్టేవాడి చేతిలో తలుపు ఉండకూడదన్నాను."

"మొహం చూడని ముసలాడిని నమ్మి, తలుపు చేతిలో పెట్టావు. మంచి మాటన్నాడు కుర్రాడు, అనుకున్నాను."

"బాబాయ్, నాకు మాటలు అప్పజెప్పొద్దు. తగూ పెట్టుకోవాలని చెయ్యలేదు ఫోను. సర్వర్ చూసుకునే అతనితో మాట్లాడాను. నాలుగింటికి లిస్టు పాస్‌వర్డ్ మారుస్తున్నాడు, తాళం నా చేతికి వస్తుంది. ఆపరేషను అయింది కదా, నువ్వు విశ్రాంతి తీసుకుంటున్నావని అందరికీ చెప్తాను. గౌరవంగా చెప్తాను. కొన్నాళ్ళు నేను చూసుకుంటాను."

"నాలుగింటికా?"

"నాలుగింటికి. ఈలోగా ఆ ఉత్తరం బయటికి పోకూడదు. నాకు మాటివ్వు."

"ఆ ఉత్తరమేనా?"

"ఆ ఉత్తరమే."

"సరే. ఆ ఉత్తరం నా చేతిమీదుగా బయటికి పోదు. మాటిచ్చాను."

"...ఇంత సులువుగా ఒప్పుకుంటావనుకోలేదు బాబాయ్."

"వయసైంది నాయనా."

"నన్ను తప్పుగా అనుకోకు. ఉంటాను."

"ఉండు. పెట్టేశాడా పిట్టా?"

"పెట్టేశారు."

"టైమెంత?"

"నువ్వే చూసుకో."

"కట్టుతోనా? గోడ మీద టైమెంత?"

"మూడూ ముప్ఫయ్యయిదు."

"ఏమైంది గొంతుకి?"

"ఏం కాలేదు."

"ఏడుస్తున్నావా?"

"నేనెందుకు ఏడుస్తాను? నాకేం సంబంధం? నువ్వు మాటిచ్చావు, నీ ఇష్టం. ఊదారంగుకి దారిచ్చావు. అది మాత్రం ఆపావు. మనకి నచ్చిందా లేదా అని చూడకూడదన్నావు. పది నిమిషాలు కాలేదు నువ్వు ఆ మాట అని."

"అరవకు, మందు వేసిన కన్ను లాగుతుంది."

"అరవట్లేదు. అరుస్తాను ఇప్పుడు. నేను పుట్టినప్పట్నించీ ఉత్తరం అంటే దేవుడన్నట్టు చెప్పావు. మా తాతయ్య లిస్టులో ఒక్క ఉత్తరం పోదు అని నేను స్కూల్లో... స్కూల్లో ఎవరికీ చెప్పలేదనుకో. మనసులో అనుకున్నాను. ఆయన బాబాయ్ బాబాయ్ అనగానే కరిగిపోయావు."

"పిట్టకి గొంతు ఉందే. ఇన్నాళ్ళూ మూగదనుకున్నాం ఇంటిల్లిపాదీ."

"నవ్వకు తాతయ్యా."

"నవ్వట్లేదు. కుర్చీ ఇటు జరుపుకో. ఒకటి చెప్తాను. నీకు చెప్పలేదు, మీ అమ్మకీ చెప్పలేదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకరోజు తనిఖీకి పై అధికారి వచ్చాడు. ఆ రోజుకి వేరుచెయ్యని సంచి ఒకటి మిగిలిపోయింది. కనిపిస్తే మాటొస్తుందని మా హెడ్డు దాన్ని బల్ల కింద పెట్టి, దాని మీద నన్ను కాళ్ళు పెట్టుకు కూర్చోమన్నాడు. కూర్చున్నాను. తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు వేరుచేశాం."

"అయితే?"

"ఒక్కరోజే ఆగింది. మూడో రోజు ఒక అమ్మాయి వచ్చింది, నీకంటే రెండేళ్ళు పెద్దదేమో. చేతిలో కవరు. పరీక్ష హాలు టిక్కెట్టు. పరీక్ష ముందురోజే అయిపోయింది. కిటికీలోంచి కవరు మీద ముద్ర చూపించింది, ఈ ఊరు ఏ రోజు వచ్చిందో, ఇంటికి ఏ రోజు వచ్చిందో. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చూపించి వెళ్ళిపోయింది."

"నువ్వేమన్నావు?"

"నా కాళ్ళు చూసుకున్నాను."

"...మరి ఇది తెలిసీ, ఇప్పుడు మాటెలా ఇచ్చావు?"

"ఏమని ఇచ్చాను? సరిగ్గా చెప్పు."

"ఆ ఉత్తరం నీ చేతిమీదుగా బయటికి పోదని."

"రెండుసార్లు అడిగాను. ఆ ఉత్తరమేనా అని. ఆ ఉత్తరమే అన్నాడు. ఉత్తరం గురించి అడిగాడు, ఇచ్చాను. రాసినవాళ్ళ గురించి అడగలేదు, నేను చెప్పలేదు."

"అంటే?"

"తాళం ఇంకా మన దగ్గరే ఉంది. మెంబర్ల జాబితా తెరు. చుక్క పేరు వెతుకు."

"తెరిచాను. ఉంది."

"పక్కన గడిలో టిక్కు ఉందా?"

"ఉంది."

"రాసింది మనిషేనా, బట్టతల నూనె వాడా?"

"మనిషే."

"ఇందాక 'అనుకుంటా' అన్నావు."

"మనిషే తాతయ్యా."

"అయితే టిక్కు తీసెయ్యి."

"తీశాను."

"ఇప్పుడు ఆ ఆగిన ఉత్తరాన్ని పారెయ్యి."

"పారెయ్యనా?"

"మాటంటే మాటే. పారెయ్యి. ... పారేశావా?"

"పారేశాను."

"ఇక నా పని అయిపోయింది. ఆ మనిషి మళ్ళీ రాస్తే గుమ్మం దగ్గర ఆగదు. నాలుగు దాటితే మాత్రం, తాళం మేస్త్రి చేతికి వెళ్ళగానే, ఆ టిక్కు మళ్ళీ పెట్టేస్తాడు. టైమెంత?"

"మూడూ నలభై రెండు. తాతయ్యా, ఆ మనిషికి ఎలా తెలుస్తుంది, మళ్ళీ రాయాలని?"

"తెలుస్తుందిలే."

"తెలిసినా, భయమైతే?"

"దేనికి?"

"అందరూ తిడతారేమో. అంతమంది పెద్దవాళ్ళు. వాళ్ళకి అన్నీ వచ్చు. తప్పు రాశావంటే, జవాబు చెప్పడం రాకపోతే? ఆ నర్సుని ఆసుపత్రి వాళ్ళు ఏమన్నా అంటే? ఉద్యోగం పోతే?"

"ఆసుపత్రి పేరు రాయమన్నామా? నర్సు ఎవరో ఎవరికి తెలుసు?"

"చీటీ ఫొటో ఉంది. చెత్తలో వేసినది అమ్మ... ఎవరో తెచ్చింది. దాని మీద ఆసుపత్రి పేరు అడుగున ఉంది."

"అడుగు ఎవడు చదువుతాడని ఇందాకే అనుకున్నాం. అయినా ఆ ముక్క చింపి ఫొటో తీస్తే పోతుంది."

"చింపితే అంకె ఒక్కటే కనిపిస్తుంది. ఇరవై అయిదు అని. మందు పేరు, ఇరవై అయిదు. అది చాలు."

"చాలు."

"పేరు పెట్టాలా?"

"మేస్త్రి ఏమన్నాడు? సంతకం లేనివాడి మాట మొహం చాటేసినవాడి మాటన్నాడు. అది అన్యాయమే. పేరు లేని ఉత్తరాలు నా చేతుల్లోంచి వేలు పోయాయి, ఎన్నో నిజాలు చెప్పేవి. కానీ చుక్క అని మళ్ళీ పంపితే, అందరూ చుక్క ఎవరా అని వెతుకుతారు. అచ్చులో రాలిపోయిన చుక్కని వెతకరు."

"అయితే ఆసుపత్రి పేరు రాయను. అమ్మ పేరు రాయను. నా పేరు రాస్తాను."

"మంచిది."

"కంటి మీద చెయ్యి పెట్టావేంటి తాతయ్యా?"

"ఏం లేదు. కట్టు సర్దుకుంటున్నాను. టైపు చెయ్యి."

"చేస్తున్నాను. చింపిన చీటీ ఫొటో కూడా పెట్టాను. ఆఖరి మాట తీసెయ్యనా? నిద్రపోతున్నారు అన్నది."

"నీ ఇష్టం. అదే, ఆ మనిషి ఇష్టం."

"తీసెయ్యను. రెండుసార్లు లేపాక కూడా లేవకపోతే ఇంకేమంటారు? కాకపోతే ఇంకో మాట కలుపుతాను. 'నలభై ఆసుపత్రులు రావాలనే నాకూ ఉంది. చుక్కతో రావాలి.' బాగుందా?"

"చదివితే బాగుంది. పంపితే ఇంకా బాగుంటుంది."

"వయసు కూడా రాస్తున్నాను. పదిహేను. చిన్నపిల్లవి నీకేం తెలుసు అని ఎలాగూ అంటారు. వాళ్ళ కంటే ముందు నేనే చెప్పేస్తాను."

"టైము?"

"మూడూ నలభై తొమ్మిది. తాతయ్యా, ఇంకోసారి చదవనా?"

"ఇంక చదవకు, పంపు. నొక్కడానికి ఒక వేలు చాలు."

"నొక్కాను."

"ఏమైంది?"

"వెళ్ళిపోయింది. ఆగలేదు. నాకు వచ్చేసింది. లిస్టులో నా పేరు... అందరికీ వెళ్ళిపోయింది తాతయ్యా."

"మంచినీళ్ళు తాగు. నాకూ పెట్టు."

"ఇదుగో. చెయ్యి చాపు."

"అమ్మయ్య. ఇప్పుడు కూర్చుని చూడు. మొదట అరిచేవాడు ఎప్పుడూ ఏమీ చదవకుండానే అరుస్తాడు. వాణ్ణి పట్టించుకోకు."

"వచ్చింది ఒకటి. ఎవరో, 'ఇలాంటి నిందలు వేసే ముందు పూర్వాపరాలు తెలుసుకోవాలి' అంటున్నారు."

"చెప్పానా? వాడు నీ ఉత్తరం రెండో ముక్క చదివి ఉండడు."

"ఇంకోటి. ఊదారంగు ఆయన, తాతయ్యా."

"ఏమంటాడు?"

"'ఇప్పుడే చిన్న చీటీ అచ్చువేసి చూశాను. మా దగ్గరా చుక్క లేదు. చిన్న చీటీలు ఆపేశాను. ఊదారంగు సంగతి తరవాత చూద్దాం.'"

"చూశావా? ఇందాక ఆయన్ని చూసి నవ్వుతారేమోనన్నావు."

"మూడోది. 'మా దగ్గరా అంతే.' నాలుగోది, 'మా దగ్గర కూడా. పోయిన వారం నించి ఎన్ని అంటించామో లెక్క తీస్తున్నాం.' తాతయ్యా, వరసగా వస్తున్నాయి."

"రానీ. మేస్త్రి నిద్ర లేచే ఉంటాడు."

"ఇది ఆగిపోయింది."

"ఏది?"

"ఒకటి గుమ్మం దగ్గర ఆగింది. పేరు పక్కన టిక్కు ఉంది. లిస్టులో చేరి నాలుగేళ్ళయిందట, ఎప్పుడూ రాయలేదట."

"నాలుగేళ్ళు చదివి, మొదటిసారి రాయడమా? చదువు."

"'నేను మందుల కొట్లో పనిచేస్తాను. నాలుగేళ్ళుగా అందరివీ చదువుతున్నాను, రాయడానికి బెరుకు. నిన్న సాయంత్రం ఒకామెకి చిన్న చీటీ అంటించి మందు ఇచ్చాను. ఏడు నెలల పాప. ఇరవై అయిదు అనే ఉండి ఉంటుంది. ఆమె దగ్గర ఫోను లేదు. ఇల్లు మాత్రం నాకు తెలుసు. కొట్టు తాళం వేసి పరిగెడుతున్నాను. మీలో చిన్న చీటీ ఇచ్చినవాళ్ళు ఎవరున్నా ఇది చదువుతూ కూర్చోకండి. లేచి వెళ్ళండి.'"

"టైమెంత?"

"మూడూ యాభై ఏడు."

"నన్ను అడుగుతూ కూర్చున్నావా, పిట్టా?"

"అడగట్లేదు. చదువుతూనే వదిలేశాను. ఫోను మోగుతోంది. మేస్త్రిగారే."

"ఇటివ్వు. నేను మాట్లాడతాను. మాట తప్పలేదని చెప్పాలి."

"వద్దు."

"పిట్టా, ఫోనివ్వు."

"నువ్వు కట్టు సర్దుకో. హలో... తాతయ్య కాదండీ. నేను, చుక్కని. తరవాత ఎంతసేపు తిట్టినా వింటాను, ముందు చిన్న చీటీ ఆపండి."